విపత్తు వేళ హెచ్చరిక: ఎవరు, ఎప్పుడు, ఎలా?
పోటీ పరీక్షల ప్రత్యేకం | విపత్తు నిర్వహణ

అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీర మండలం. పక్కనే రసాయన పరిశ్రమలున్న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్). అంటే ఇక్కడ తుపాను, రసాయన ప్రమాదం రెండింటికీ హెచ్చరికలు అవసరమే.

తుపాను హెచ్చరిక (భారత వాతావరణ శాఖ – ఐఎండీ) – 4 దశలు
- ముందస్తు నిఘా: 72 గంటల ముందు
- అలర్ట్ (పసుపు): 48 గంటల ముందు
- వార్నింగ్ (నారింజ): 24 గంటల ముందు
- తీరం దాటాక పరిస్థితిపై అంచనా (ఎరుపు): తీరం దాటడానికి 12 గంటల ముందు

ఓడరేవుల్లో 1 నుంచి 11 వరకు ప్రమాద సూచికలుంటాయి. 11వది సమాచార సంబంధాలు తెగిపోయాయనడానికి గుర్తు.

రెండు పాఠాలు
- హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబరు 12, విశాఖ): సెల్ టవర్లు మూగబోయాయి. అందుకే ఎస్‌ఎంఎస్‌తో పాటు మైకు, దండోరా కూడా ఉండాలి.
- ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం (2020 మే 7, విశాఖ): స్టైరీన్ ఆవిరి లీకైనా సైరన్ మోగలేదని ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

మంచి హెచ్చరిక లక్షణాలు
ముప్పు ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేయాలి అన్న నాలుగూ చెప్పాలి. ‘గంటకు 100 కి.మీ. గాలులు’ అంటే చాలదు. ‘వేటకు వెళ్లొద్దు, సాయంత్రంలోగా పునరావాస కేంద్రానికి చేరండి’ అనాలి. అధికారులంతా ఒకే మాట చెప్పాలి.

గుర్తుంచుకోండి
- విపత్తు నిర్వహణ చట్టం: 2005. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు (ఎన్‌డీఎంఏ) ప్రధాని, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి అధ్యక్షులు.
- సెక్షన్ 54: తప్పుడు హెచ్చరికతో భయం రేపితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా.
- ‘సచేత్’: ఎన్‌డీఎంఏ హెచ్చరికల యాప్.

దశలు, గంటలు, రంగులను జతపరచమనే ప్రశ్నలకు వీలుంది. ఆ పట్టికను కంఠస్థం చేయండి.