తాత్కాలికానికి ఒక గడువు ఉండాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు. వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కింద ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ, నేను పనిచేసిన ఒక శాఖకు నెలనెలా పింఛను కోసం వచ్చేవారు. భర్త రైల్వేలో పనిచేసి పోయారు. ఆవిడది కుటుంబ పింఛను.

ఒకరోజు కౌంటరు దగ్గర నెమ్మదిగా అడిగారు. "బాబూ, మా పక్క క్వార్టర్‌లో ఉండే ఆవిడ నాకంటే చిన్నది. ఆవిడకి పింఛను పెరిగింది. నాకెందుకు పెరగలేదు నాయనా?"

కేంద్ర ప్రభుత్వ, రైల్వే పింఛనుదారులకు 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం. కుటుంబ పింఛనుకూ ఇదే లెక్క. ఆవిడకు 80 దాటి రెండేళ్లకు పైనే అయింది. కంప్యూటరులో చూస్తే పుట్టిన తేదీ 01-01-1950 అని ఉంది. ఆధార్ కార్డులో వేరే ఉంది.

ఈ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. లెడ్జర్ల నుంచి కంప్యూటరుకు ఖాతాలు మార్చిన రోజుల్లో, పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాము ముందుకు కదిలేది కాదు. చాలా పాత పింఛను ఉత్తర్వుల్లో భార్య పుట్టిన తేదీ ఉండేది కాదు. శనివారం రాత్రికి పని ముగియాలి, సోమవారం ఉదయం శాఖ తెరవాలి. తేదీ లేని అందరికీ ఒకే తేదీ వేసి, "తర్వాత సరిచేద్దాం" అనుకున్నారు. అనుకున్నవాళ్లు బదిలీ అయ్యారు, రిటైరయ్యారు. ఆ మాట ఎక్కడా రాసి లేదు.

ఆధారాలతో దరఖాస్తు పంపాక, కొన్ని నెలలకు ఆవిడకు బకాయిలతో సహా పింఛను పెరిగింది. అదే తేదీ ఉన్న ఖాతాలన్నీ బయటికి తీశాం. జాబితా ఒక పేజీలో పట్టలేదు. అందులో కొందరు అప్పటికే లేరు.

అతుకు తప్పు కాదు

ఆ శనివారం రాత్రి పనిచేసినవాళ్లను సోమరులని అనలేం. వాళ్లు ఆ తేదీ వేయకపోతే సోమవారం ఎవరికీ పింఛను అందేది కాదు. వ్యాపారంలోనూ కంప్యూటరు విభాగంలోనూ అప్పటికప్పుడు సర్దుబాట్లు తప్పవు. ఆ సర్దుబాటును తర్వాత ఎలా చూసుకుంటున్నామన్నదే అసలు విషయం.

దీనికి జవాబు మన ఊరి పట్టాల పక్కనే ఉంది. పట్టా ఒకచోట బలహీనపడితే వెంటనే మొత్తం మార్చడం కుదరదు. బిలాస్‌పూర్ హౌరా–ముంబయి ప్రధాన మార్గం మీద ఉంది. ప్రయాణికుల బళ్లకు తోడు కోర్బా బొగ్గు బళ్లు. మార్గం మూసి పనిచేయడానికి కావలసిన 'బ్లాక్' దొరకడమే కష్టం. అందుకని ముందు వేగం తగ్గిస్తారు. ఇదీ అతుకే. కాని ఈ అతుకును రైల్వే దాచిపెట్టదు. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎంత వేగంతో వెళ్లాలో 'కాషన్ ఆర్డర్'లో రాసి ప్రతి లోకో పైలట్‌కూ ఇస్తారు. పట్టాల పక్కన పసుపు రంగు బోర్డులు పెడతారు: ముందు హెచ్చరిక, తర్వాత వేగం అంకె, చివర ఆంక్ష ముగిసిందని చెప్పే బోర్డు. పని పూర్తయి ఆంక్ష ఎత్తేసేదాకా ఆ ఆర్డరు రోజూ చేతికి వస్తూనే ఉంటుంది. ఉద్యోగులు మారినా మరుపు రాదు.

మనం వేసిన 01-01-1950కి అలాంటి పసుపు బోర్డు లేదు. తేడా అక్కడే వచ్చింది.

పుస్తకంలో లేని అప్పు

1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు ఇలాంటి పనిని అప్పుతో పోల్చాడు. తొందరలో రాసిన ప్రోగ్రాము అప్పు తెచ్చుకున్న డబ్బులాంటిది. పని ముందుకు నడుస్తుంది, త్వరగా తీరిస్తే మేలే. తీర్చకుండా వదిలేస్తే తర్వాత చేసే ప్రతి మార్పు మీదా వడ్డీ పడుతుంది. దీన్నే 'టెక్నికల్ డెట్' అంటున్నారు.

ఈ పోలిక బ్యాంకు ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పంట పెట్టుబడికి బంగారం తాకట్టు పెట్టడం తప్పు కాదు. తాకట్టు చీటీ ఎక్కడ పెట్టామో మరిచిపోవడం తప్పు. పైగా మన దగ్గర తీసుకున్న అప్పుకు ఖాతా ఉంటుంది, గడువు ఉంటుంది, గడువు దాటితే నోటీసు వెళుతుంది. కంప్యూటరులో చేసిన సర్దుబాటుకు ఇవేమీ ఉండవు. ఇంకో సంగతి, ఇక్కడ అప్పు చేసేది ఒకరు, వడ్డీ కట్టేది ఇంకొకరు. ఆ వడ్డీ మన పెద్దావిడ కట్టారు.

అలాంటి అప్పుల్లో అన్నిటికంటే పెద్దది 2000 సంవత్సరానికి ముందు ప్రపంచమంతా చూసింది. కంప్యూటరు మెమరీ ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాశారు. 1968 బదులు 68. అప్పటికి అది తెలివైన పొదుపే. కాని ఆ ప్రోగ్రాములు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతికాయి. 00 అంటే 1900 అని లెక్క వేస్తే డిపాజిట్ల వడ్డీ ఏమవుతుంది? మన బ్యాంకుల్లోనూ ఎందరో ఆ డిసెంబరు 31 రాత్రి ఇళ్లకు వెళ్లకుండా ఆఫీసుల్లోనే ఉన్నారు. పెద్ద ప్రమాదం జరగలేదు కాబట్టి అదంతా ఉత్త హడావుడి అనేవారున్నారు. ముందే సరిచేశారు కాబట్టే జరగలేదన్నది మరవకూడదు.

రైల్వే నేర్చుకున్న పాఠాలు

నాగపూర్ నుంచి రాజనందగాం దాకా మొదట వేసింది మీటర్ గేజ్ మార్గం. 1882 నాటికి బళ్లు నడిచాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ మార్గాన్ని తీసుకుని బ్రాడ్ గేజ్‌గా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు పొడిగించింది. 1891కి ఆ పని పూర్తయింది. అంటే తక్కువ ఖర్చుతో వేసిన మార్గాన్ని పదేళ్లు తిరగకముందే మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ అప్పు త్వరగానే తీరింది. దేశంలో మిగిలినచోట్ల వేరువేరు గేజ్‌ల మధ్య సరుకులు ఒక బండి నుంచి ఇంకో బండిలోకి మార్చుకుంటూనే దశాబ్దాలు గడిచాయి. ఒకే గేజ్ కోసం యూనిగేజ్ పథకం 1992లో గాని మొదలు కాలేదు.

ఇంకొకటి. డబ్బు చాలక పాత పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు మార్చే పని ఏటికేడు వాయిదా పడింది. ఆ బకాయి తీర్చడానికే 2001లో 17,000 కోట్ల రూపాయలతో ప్రత్యేక రైల్వే భద్రతా నిధి పెట్టాల్సి వచ్చింది. వాయిదా వేసిన ప్రతి సంవత్సరం పుస్తకాల్లో పొదుపుగానే కనిపించి ఉంటుంది.

టికెట్ల రిజర్వేషన్‌లో మాత్రం తాత్కాలికం నుంచి శాశ్వతానికి మెట్లు మెట్లుగా వెళ్లారు. కంప్యూటరు రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్‌లలో విడివిడి కేంద్రాలు వచ్చాయి. దేశమంతటికీ ఒకేసారి చేద్దామని ఆగి ఉంటే ఇంకెన్నేళ్లు పట్టేదో. అలాగని విడివిడిగానే వదిలేయలేదు. అన్నిటికీ పనికివచ్చే 'కన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, 1994లో మొదట మన సికింద్రాబాద్‌లో పెట్టారు. 1999 ఏప్రిల్‌కు అయిదు కేంద్రాలనూ కలిపారు. ఆ పునాది ఉంది కాబట్టే 2002 ఆగస్టులో ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మగలిగారు.

బ్యాంకుల విలీనంలోనూ ఇదే కనిపించింది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడింటిలోనూ కోర్ బ్యాంకింగ్ వేదిక ఫినాకిలే కావడం కలపడానికి అనువైన సంగతుల్లో ఒకటైంది. ఏనాడో తీసుకున్న నిర్ణయం, ఎవరూ ఊహించని రోజున పనికివచ్చింది.

పెద్ద ప్రణాళిక కూడా సాకు కావచ్చు

దీనికి రెండోవైపు కూడా ఉంది. "కొత్త సిస్టం వస్తోంది, అప్పటిదాకా ఆగండి" అనే మాట ప్రతి ఆఫీసులోనూ వింటుంటాం. 82 ఏళ్ల పెద్దావిడతో అయిదేళ్ల ప్రణాళిక గురించి ఎలా చెబుతాం? ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎంత తెలివితక్కువో, బావి తవ్వుతున్నామని చెప్పి చేతిలోని బిందెడు నీళ్లు పోయకపోవడమూ అంతే. రెండు పనులూ చేయాలి, ఏది ఏదో గుర్తుంచుకోవాలి.

అందుకు తాత్కాలిక సర్దుబాటు చేసే ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

1. ఇది తాత్కాలికమని ఎక్కడ రాశాం? నా తర్వాత కుర్చీలో కూర్చునేవారికి అది కనిపిస్తుందా?

2. సరిచేసే బాధ్యత ఎవరిది? "అందరిదీ" అంటే ఎవరిదీ కాదు. బదిలీ అయితే చార్జి అప్పగింతలో ఇదీ ఉండాలి.

3. ఏ తేదీకి సరిచేస్తాం? కుదరకపోతే కొత్త తేదీ వేయాలి, కారణం రాయాలి.

4. సరిచేయకపోతే వడ్డీ ఎవరు కడతారు? ఖాతాదారుడా, పక్క శాఖవారా, మనమేనా?

ఈ ఆదివారం ఇంట్లో

ఇళ్లలోనూ ఇలాంటి అప్పులు ఉంటాయి. పెళ్లికి ముందు వేసిన డిపాజిట్‌కు నామినీగా ఇప్పుడు లేని తండ్రిగారి పేరే ఉండిపోతుంది. పాత ఫోన్ నంబరు ఖాతాకు అలాగే ఉంటుంది. ఇంట్లో పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే వాళ్ల పింఛను ఉత్తర్వు ఒకసారి బయటికి తీయండి. పింఛనుదారు పుట్టిన తేదీ, జీవిత భాగస్వామి పుట్టిన తేదీ రెండూ ఉన్నాయా, ఆధార్‌తో సరిపోతున్నాయా చూడండి. తేడా ఉంటే ఇద్దరూ ఉండగానే దరఖాస్తు పెట్టండి. అమ్మ ఒక్కర్తే మిగిలాక ఆ కాగితాలు వెతకడం చాలా కష్టం.

మేము తీసిన ఆ జాబితాకు మొదటి పేజీ పైన ఒక గడువు తేదీ, బాధ్యుడి పేరు రాసి, మేనేజరు గది గోడకు అతికించాం. సరైన తేదీ వచ్చిన పేరును వచ్చినట్టు కొట్టేస్తూ వచ్చాం. చివరి పేరు కొట్టేసేదాకా ఆ కాగితం గోడ మీదే ఉంది.