జవానుకు జాబు



కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్ల జరుగుతుంది. యుద్ధానికి పోయిన బాలచంద్రుడి కథ, ఇంటి దగ్గరున్న మాంచాల కథ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ కాలంలో పోయినవాడి కబురు తెలియాలంటే ఇంకో మనిషి రావాలి. ఇప్పుడు ఫోను ఉంది. జాబు కూడా ఉంది.

ఫోను ఉండగా జాబు ఎందుకు? సరిహద్దు కొండల మీద అన్నిచోట్లా ఫోను పలకదు. ఫోనులో అన్న మాట అప్పుడే అయిపోతుంది. జాబు జేబులో ఉంటుంది. పదిసార్లు చదువుకోవచ్చు.

1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఆ యుద్ధంలో పోరాడారు. అక్కడి నుంచి నాన్నకు జాబు రాశారు. అప్పుడు ఆయన భార్య గర్భిణి. ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పమని నాన్నను కోరారు. పుట్టే బిడ్డకు మంచి బుద్ధులు రావాలని ఆయన ఆశ. 1999 జూన్ 28న ఆయన వీరమరణం పొందారు. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. బిడ్డ తర్వాత పుట్టింది. నాన్న మాట ఆ జాబులో బిడ్డకు మిగిలింది.

ఇక మన ఊరి అక్క ఒకామె సంగతి చూద్దాం. భర్త జవాను. జాబు వస్తే పక్కింటి పిల్లాడి చేత చదివించుకునేది. జవాబూ వాడే రాసేవాడు.

“ఇంకేం రాయమంటావ్ అత్తా?”

“అందరం బాగుండామని రాయి నాయనా.”

అంతే! మనసులో మాట పిల్లాడికి ఎట్లా చెప్తుంది? చదువుకున్నాక తనే రాసింది:

“బావకు నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. ఈ జాబు నేనే రాశాను. తప్పులుంటే నవ్వొద్దు. మిరప కోత మొదలైంది. పాపకు జ్వరం తగ్గింది. నువ్వు గుర్తొస్తే రాత్రి నిద్ర పట్టదు. ఈ మాట ఇంతవరకు ఎవరి చేతా రాయించలేదు.”

చిరునామా ఎట్లా రాయాలి?

జవాను నంబరు, హోదా, పేరు రాయాలి. కింద పటాలం పేరు రాయాలి. తర్వాత “కేరాఫ్ 56 ఏ.పి.ఓ.” లేక “కేరాఫ్ 99 ఏ.పి.ఓ.” అని రాయాలి. ఏది రాయాలో జవాను పంపిన చిరునామాలో ఉంటుంది. చివర పిన్ కోడ్ రాయాలి. సైన్యం పిన్ 9తో మొదలవుతుంది.

ఏ.పి.ఓ. అంటే సైన్యం పోస్టాఫీసు. 56 అనేది ఊరు కాదు. ఊరి పేరు రాస్తే పటాలం ఎక్కడుందో శత్రువుకు తెలుస్తుంది. అందుకే రాయరు. పటాలం ఎక్కడికి పోయినా జాబు దాని వెంట పోతుంది.

గుర్తుంచుకోండి

1. “ఎక్కడున్నావ్?” అని జవానును గుచ్చి గుచ్చి అడగకూడదు. తెలిసినా పదిమందికి చెప్పకూడదు.
2. ఫోను రాలేదని పుకార్లు నమ్మకూడదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి.
3. జాబు మీద మన చిరునామా, పిన్ కూడా రాయాలి. నరసరావుపేట పిన్ 522601.

కొత్త మాటలు: పటాలం, హోదా, సరిహద్దు, పుకారు.

మీరు చేయండి

1. చిరునామాలో ఊరి పేరు ఎందుకు రాయరు?
2. అక్క తన జాబులో ఏ మాట మొదటిసారి రాసింది?
3. దూరాన ఉన్న మీ వాళ్లకు అయిదు వాక్యాల జాబు రాయండి. ఇంతవరకు ఎవరి చేతా రాయించని మాట ఒక్కటైనా రాయండి. ఆ జాబు మాకు చూపించక్కర్లేదు. అంటించి డబ్బాలో వేయండి.