కాడి కట్టిన కణము

‘జైగోటు’ను తెలుగున సంయుక్త బీజమందుము. గ్రీకున ‘జైగోన్’ అనగా కాడి. సంస్కృతపు ‘యుగము’నకును అదియే అర్థము. రెండును ఒకే మూలమున పుట్టిన మాటలు. కాడికి ఎడ్లజత కట్టినట్లు తల్లి అండములోని 23 క్రోమోసోములును, తండ్రి శుక్రకణములోని 23యును చేరి ఒకే కణమగును. సాయంకాలమునకు విప్పెడి కాడి కాదిది! 1876లో హెర్ట్‌విగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒక ముండ్ల సముద్రజీవి గ్రుడ్డులో ఈ కలయికను గుర్తించి ప్రకటించెను.

ఇందు పంచాయతీ సభ్యులకు ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. సామాన్యముగా అండమున ఎక్స్ క్రోమోసోమే యుండును. శుక్రకణము ఎక్స్‌నైనను, వైనైనను తెచ్చును. వై వచ్చినచో మగశిశువు. ఆడపిల్లలే పుట్టిరని కోడలిని వెడలగొట్టు తగవు మన యెదుటికి వచ్చినపుడు ఈ మాట చెప్పవలెను. తండ్రిని నిందించుటయు తగదు. ఏ కణము ముందు చేరునో అతని చేతిలో లేదు.