మెడిసిన్ సీటు దక్కని అమ్మాయి తెచ్చిన చట్టం



మన ఇళ్లలో మెడిసిన్ సీటు అంటే ఎంత పెద్ద మాటో మీకు చెప్పనక్కర్లేదు. మార్కులు తగ్గి సీటు రాకపోతే ఆ బాధ ఒక రకం. అర్హత ఉండి కూడా తలుపు తెరుచుకోకపోతే? ఆ అనుభవంతో చట్టసభ దాకా వెళ్లిన అమెరికన్ నాయకురాలు ప్యాట్సీ మింక్ గురించి ఈ నెల తెలుసుకుందాం.

చదువు, తిరస్కారం

ప్యాట్సీ తకెమోటో 1927 డిసెంబర్ 6న హవాయిలోని మావీ దీవిలో పుట్టారు. ఆమె పెద్దలు జపాన్ నుంచి వలస వచ్చినవారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు శ్వేతజాతి కాని విద్యార్థులకు వేరే వసతి అని తెలిసింది. ఆమె తోటి విద్యార్థులను, వారి తల్లిదండ్రులను కూడగట్టి ఆ నిబంధన తీయించారు.

తర్వాత సొంత ఊరికి తిరిగి వచ్చి, 1948లో హవాయి విశ్వవిద్యాలయం నుంచి జువాలజీ, కెమిస్ట్రీలతో డిగ్రీ తీసుకున్నారు. డాక్టర్ కావాలన్నది చిన్ననాటి కోరిక. దాదాపు డజను మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెడితే ఒక్కటీ సీటు ఇవ్వలేదు. ఆ రోజుల్లో అక్కడి మెడికల్ కాలేజీలు మహిళలను చేర్చుకోవడమే అరుదు.

దాంతో లా వైపు మళ్లి, 1951లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. పెళ్లయి, చంటిబిడ్డ ఉన్న మహిళకు ఉద్యోగం ఇవ్వడానికి లా సంస్థలు ఇష్టపడలేదు. అప్పుడు తండ్రి అండగా నిలిచారు. ఆయన సాయంతో ఆమె సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టారు.

37 పదాల చట్టం

1959లో అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేసి ఓడిపోయారు. 1964లో గెలిచారు. శ్వేతజాతికి చెందని మహిళ ఆ సభకు ఎన్నిక కావడం అదే మొదటిసారి.

ప్రతినిధుల సభలో ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్, సెనేట్‌లో బర్చ్ బై వంటివారి కృషితో 'టైటిల్ నైన్' చట్టమైంది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశారు. ఆంగ్లంలో దాని ప్రధాన వాక్యం 37 పదాలే. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యా కార్యక్రమాల్లో ఆడ, మగ వివక్ష ఉండకూడదన్నదే దాని సారం. ఆ వాక్యంలో ఆటల ఊసే లేదు. అయినా అది ఆటస్థలాలనూ మార్చింది. చట్టానికి ముందు హైస్కూల్ క్రీడల్లో ఆడపిల్లలు 3 లక్షల లోపే. నేడు 30 లక్షలకు పైనే.

ఒక్క ఓటు

1975లో క్రీడలను ఈ చట్టం నుంచి తప్పించాలని ఒక సవరణ వచ్చింది. ఓటింగ్ సమయంలోనే ఆమె కూతురికి ఘోరమైన కారు ప్రమాదం జరిగిందని కబురు అందింది. ఆమె సభ విడిచి కూతురి దగ్గరికి పరుగెత్తారు. సవరణ ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్ జరిగింది సభకు వివరించారు. మళ్లీ ఓటింగ్ పెడితే సవరణ వీగిపోయింది. కూతురు కోలుకుంది.

2002 సెప్టెంబర్‌లో ప్యాట్సీ మింక్ కన్నుమూశారు. అదే ఏడాది ఆ చట్టానికి ఆమె పేరు పెట్టారు. ఈ రోజు అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన తెలుగు అమ్మాయిలకూ ఆ చట్టం రక్షణ ఉంది.

ఆమె డాక్టర్ మాత్రం కాలేదు. కోరుకున్నది దక్కకపోయినా, తర్వాతి తరం ఆడపిల్లలకు అదే తలుపు మూసుకుపోకుండా చూశారు.

ఇంట్లో పిల్లలతో మాట్లాడండి

1. సీటు రాకపోవడానికి మన లోపం కారణమా, నిబంధన లోపమా? తేడా ఎలా తెలుస్తుంది?
2. ఓటింగ్ వదిలి కూతురి దగ్గరికి వెళ్లడం సరైన నిర్ణయమేనా?
3. మన ఇంట్లో సాయంత్రం ఆటకు అబ్బాయికి దొరికే సమయం అమ్మాయికీ దొరుకుతోందా?

మూడో ప్రశ్నకు జవాబు ముందుగా మనమే చెప్పుకోవాలి.