బాయికి సైకిల్ మీద పోవచ్చా డాక్టర్?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుణ్ణి, సర్ఫేస్‌లో పని. నాలుగేళ్లుగా షుగర్, ఏడాదిగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ గోలీలు వేసుకుంటున్నాను. రోజూ ముప్పావుగంట నడవమన్నారు గానీ డ్యూటీ, ఇల్లు, పిల్లల చదువుల మధ్య కుదరడం లేదు. ఇంటి నుంచి బాయికి 5 కిలోమీటర్లు. బండి ఇంట్లో పెట్టి సైకిల్ మీద పోదామనుకుంటే, మా పెద్దోడు “ఈ వయసుల సైకిలేంది నాయినా, నలుగురు నవ్వుతరు” అంటున్నాడు. పోవచ్చా?

జవాబు: నిక్షేపంగా పోవచ్చు. కోల్‌బెల్ట్‌లో మీ ముందు తరం వాళ్లు టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిల్ మీదే డ్యూటీ చేశారని పెద్దోడికి చెప్పండి.

లెక్క చూడండి. 5 కిలోమీటర్లు మామూలుగా తొక్కితే 20 నిమిషాలు, రానూపోనూ 40. వారానికి ఆరు రోజులైతే 240 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది. అంటే మీ వారం కోటా డ్యూటీకి పోయి రావడంలోనే తీరిపోతుంది. బండి మీద ఎటూ పది పన్నెండు నిమిషాలు పోతున్నాయి కాబట్టి, ముప్పావుగంట నడకకు బదులు మీరు అదనంగా పెట్టేది పూటకు పది నిమిషాలే. నా దగ్గరికి వచ్చే షుగర్ పేషెంట్లలో ‘టైమ్ దొరకట్లేదు సార్’ అనని వాళ్లు తక్కువ. పొద్దున్నే లేచి గ్రౌండ్‌కు పోవడం, జిమ్‌కు ఫీజు కట్టడం, బండికి పెట్రోలు పోయించడం, ఇలా మూడు పనులుగా విడిపోయినదాన్ని మీరు ఒక్క పనిగా కలుపుతున్నారు. నెలకు అయిదు లీటర్ల పెట్రోలు మిగలడం కొసరు.

షుగర్ ఉన్నవాళ్ల మీదే జరిగిన అధ్యయనం ఒకటుంది. పది యూరప్ దేశాల్లో 7,459 మంది మధుమేహుల వివరాలతో 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. అయిదేళ్ల వ్యవధిలో కొత్తగా సైకిల్ మొదలుపెట్టిన వాళ్లలో, అసలు తొక్కని వాళ్లతో పోలిస్తే మరణాల ముప్పు కనీసం 35 శాతం తక్కువగా కనిపించింది. ఆ తేడా అంతా సైకిల్ చలవేనని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అక్కడి రోడ్లూ మన రోడ్లూ ఒకటి కావు. అయినా షుగర్ వచ్చాక మొదలుపెట్టిన వాళ్లకూ మేలు కనిపించిందన్నది మీకు పనికొచ్చే మాట.

ఇక జాగ్రత్తలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోతుందనే భయం పెద్దగా ఉండదు. గ్లిమిపిరైడ్‌తో ఆ భయం ఉంది. ఆ గోలీ వేసుకుని ఏమీ తినకుండా ఫస్ట్ షిఫ్ట్‌కు తొక్కితే దారిలోనే చేతులు వణకడం, చెమటలు, కళ్లు తిరగడం రావచ్చు. ఏదో ఒకటి తినే బయలుదేరండి. జేబులో గ్లూకోజ్ గానీ మూడు చెంచాల చక్కెర పొట్లం గానీ ఉంచుకోండి. వణుకు రాగానే సైకిల్ దిగి, అది నోట్లో వేసుకుని పావుగంట కూర్చోండి. బిస్కెట్‌తో షుగర్ అంత త్వరగా లేవదు; అది తర్వాత తినండి. ఇన్సులిన్ వాడే పాఠకులకు ఇంకో మాట: తొక్కబోయే ముందు తొడకు ఇంజెక్షన్ తీసుకుంటే మందు వేగంగా ఎక్కుతుంది, పొట్ట దగ్గర తీసుకోవడం మేలు.

మొదలుపెట్టే ముందు ఈసీజీ, కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. అరికాళ్లలో స్పర్శ ఉందో లేదో కూడా చూపించుకోండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు తొక్కండి. తొక్కుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీకు ఆ వేగం చాలు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం వస్తే అక్కడే ఆగి, ఎవరినైనా పిలిచి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చేయించి మీ డాక్టర్‌కు చూపిస్తే, డోసు తగ్గించాలో లేదో ఆయన చెబుతారు. షుగర్ తగ్గింది కదా అని మీరే గోలీ మానేయకండి.

ప్రశ్న: మాది చెల్పూరు దగ్గర. ఆస్తమా ఉంది. మెయిన్ రోడ్డు మీద బొగ్గు లారీలు, దుమ్ము. సైకిల్ మీద భూపాలపల్లికి పోతే మంచి కన్నా చెడు ఎక్కువ జరగదా?

జవాబు: మీ భయం న్యాయమైనదే. పరకాల నుంచి కాళేశ్వరం వైపు పోయే ఆ జాతీయ రహదారి మీద, లారీల వెనకాల, దుమ్ములో తొక్కమని నేను చెప్పను. దుమ్ము సంగతి అటుంచి, లారీ పక్కనే ఆనుకుని పోయే సైకిల్ డ్రైవర్‌కు కనపడదు. ఊరి లోపలి దారి, కాలనీల వెంట పోయే దారి ఉంటే కిలోమీటరు ఎక్కువైనా అదే పట్టండి. షిఫ్ట్ మారే వేళకు ముందో వెనకో బయలుదేరండి. దారి లేకపోతే బస్సు ఎక్కండి, దిగాక మిగతాది నడవండి, అదీ వ్యాయామమే.

దస్తీ కట్టుకుంటే కంటికి కనిపించే దుమ్ము ఆగుతుంది గానీ సన్నదుమ్ము ఆగదు. దానికి ఎన్95 కావాలి. దాంతో ఊపిరి బరువుగా ఉంటే వేగం తగ్గించండి, మాస్క్ తీసేయకండి. తొక్కితే పిల్లికూతలు వచ్చేవాళ్లయితే డాక్టర్‌ను అడిగి బయలుదేరే ముందు ఇన్‌హేలర్ తీసుకోండి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం ఎండలో సైకిల్ వద్దు. మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పంతానికి పోతే వడదెబ్బే. నైట్ డ్యూటీ దిగి నిద్రమత్తుతో తొక్కడం కూడా అంతే ప్రమాదం.

ప్రశ్న: రేగొండలో టీచర్‌ని, 38 ఏళ్లు. నెల రోజులుగా స్కూల్‌కు సైకిల్ మీద వెళ్తున్నాను. మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. కీళ్లు అరుగుతున్నాయా?

జవాబు: అరుగుదల కన్నా ముందు సీటును అనుమానించండి. సీటు మరీ కిందికి ఉంటే చిప్ప ముందు భాగంలో నొప్పి వస్తుంది. మరీ పైకి ఉంటే మోకాలి వెనక లాగుతుంది. సైకిల్‌ను గోడకు ఆనించి ఎక్కి, పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా చాపుకుంటే సీటు సరిపోయినట్టు. తొక్కేటప్పుడు మడమతో కాక పాదం ముందు భాగంతో తొక్కుతారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. చాలామంది దిగడానికి వీలని సీటు కిందికి దించేస్తారు, మోకాళ్లు దానికి మూల్యం చెల్లిస్తాయి. సరిచేశాక కూడా మూడు వారాల్లో తగ్గకపోయినా, వాపు వచ్చినా ఎముకల డాక్టర్‌కు చూపించండి. చీర కొంగు, చున్నీ నడుముకు గట్టిగా దోపుకోండి; చక్రంలో చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది.

ప్రశ్న: పెళ్లయి ఏడాది. రోజూ సైకిల్ తొక్కితే పిల్లలు పుట్టరని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: రోజుకు అరగంట, గంట తొక్కితే పిల్లలు పుట్టరనడానికి ఆధారం లేదు. గంటల తరబడి తొక్కేవాళ్లకు సీటు ఒత్తిడి వల్ల తొడల మధ్య తిమ్మిరి రావచ్చు. అలా వస్తే సీటు ముక్కు కొంచెం కిందికి వంచండి, వెడల్పాటి సీటు వేయించండి, మధ్యమధ్య లేచి నిలబడి తొక్కండి. తిమ్మిరి రెండు వారాల్లో పోకపోతే యూరాలజిస్టును కలవండి.