తుపాకి లైసెన్సులోని మాటలు: పైరు కాచుకొను రైతులకు

పాతపట్నము, సీతంపేట, కురుపాము, సాలూరు ప్రాంతములలో కొండనానుకొని పొలమున్న రైతు, పండినది ఇంటికి చేరువరకు నమ్మలేడు. మొక్కజొన్న పాలు పట్టు వేళకో, వేరుసెనగ కాయ ఊరు వేళకో అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగినచో తెల్లవారునప్పటికి మడి యంతయు దున్నినట్లుండును. అందుచేత కొందరు రైతులు లైసెన్సు పొంది తుపాకి ఉంచుకొందురు. తుపాకి చేతికి వచ్చును గాని, లైసెన్సులోని మాటలు, తూటాల పెట్టెమీది అంకెలు విడమరచి చెప్పువారు తక్కువ. పురుగుమందు డబ్బాపై వ్రాత చదువకుండ మందు కొట్టవద్దని మేము ఎప్పుడును చెప్పుచుందుము. తుపాకి విషయములో చదువకపోయిన ఫలితము పైరుమీద గాక మనిషిమీద కనబడును.

మొదట లైసెన్సు తీసి చూడుడు. మీ తుపాకి జాతి నాలుగు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియుండును. ఎస్.బి.ఎం.ఎల్. అనగా ఒంటి గొట్టముతో, మూతినుండి మందు దట్టించు తుపాకి. ఎస్.బి.బి.ఎల్. అనగా ఒంటి గొట్టముదే గాని వెనుకనుండి తూటా పెట్టునది. డి.బి.బి.ఎల్. జంట గొట్టములది. గుండు బయటపడు కొనను మజిల్ అనియు, వెనుక తూటా ప్రవేశించు భాగమును బ్రీచ్ అనియు అందురు. మూతి తుపాకిలో మందు దట్టించు కడ్డీని మన పెద్దలు గజమనిరి. బట్ట కొలుచు గజమునకును దీనికిని పేరొక్కటే.

ఈ భేదము మాటవరుసకు మాత్రమే కాదు. 1962 అక్టోబరు 1 నుండి అమలులోనున్న 1959 నాటి ఆయుధముల చట్టము, పైరు రక్షణకని మొదట చెప్పినది మూతి తుపాకినే. అది చాలదని లైసెన్సు నిచ్చు అధికారికి నమ్మకము కలిగినచో, నునుపు గొట్టముగల వేరొక తుపాకికి అనుమతి నీయవచ్చును. కావున దరఖాస్తులో “తుపాకి కావలెను” అని ఊరకొనక, ఏ పైరు, ఎన్ని ఎకరములు, అడవికి ఎంత దూరము, మూతి తుపాకి ఏల చాలదు అను సంగతులు వ్రాయుట మంచిది. నునుపు గొట్టమనగా లోపల గాడులు లేనిది. మెలికగా గాడులు కోసినది రైఫిలు. దాని గుండు మైళ్ల దూరము పోవును గనుక ఊళ్ల మధ్య పైరు కాపుదలకు అది తగినది కాదు. ఎన్.పి. బోరు అని యున్నచో నిషేధింపబడని కొలతదని అర్థము. మోయుటకు సులువగునని గొట్టము కొన కోయించువారు కొందరు కలరు. అనుమతి లేక గొట్టము పొట్టి చేయుట నేరము.

ఇక బోరు. ఇది గొట్టము లోపలి వెడల్పును తెలుపు అంకె. 12 బోరు పెద్దదా, 20 బోరు పెద్దదా అని అడిగినచో చాలమంది 20 అని చెప్పుదురు. పొందూరు నేతగాని అడిగినచో సరిగా చెప్పగలడు. నూలులో 100వ నెంబరు 40వ నెంబరుకంటె సన్నము గదా! ఒక పౌను దూదినుండి ఎన్ని చిలపలు వచ్చునో ఆ లెక్కయే నూలు నెంబరు. అట్లే ఒక పౌను సీసముతో గొట్టమునకు సరిపడు గుండ్లు ఎన్ని పోయవచ్చునో ఆ లెక్కయే బోరు. 12 గుండ్లయినచో గుండు లావు, 20 అయినచో సన్నము. 12 బోరు గొట్టము సుమారు 18.5 మిల్లీమీటర్ల వెడల్పుండును.

ఈ లెక్క తెలియకపోవుటవలన కలుగు అపాయమొకటి మిక్కిలి ఘోరమైనది. 12 బోరు తుపాకిలో పొరపాటున 20 బోరు తూటా పెట్టినచో అది జారి గొట్టములో కొంతదూరము పోయి ఇరుకుకొనును. తుపాకి పేలదు. తూటా పెట్టుట మరచితిమనుకొని వెనుక 12 బోరు తూటా పెట్టి కాల్చినచో గొట్టము ముందుచేయి పట్టుకొను చోటనే పగులును. రెండు కొలతల తూటాలు ఒకే సంచిలో ఎన్నడును ఉంచరాదు.

తూటా పొడవు మరియొక సంగతి. తూటా కూర్చుండు గదిని చాంబరు అందురు. పాత తుపాకులలో పెక్కింటికి ఇది 65 మిల్లీమీటర్లు, క్రొత్తవానికి 70. పెట్టెమీద వ్రాయు పొడవు కాల్చిన పిమ్మట తూటా మూతి విచ్చుకొన్నప్పటిది. కాల్చకముందు మూతి మడచియుండును గనుక 70 తూటా 65 గదిలో సుళువుగా పట్టును. “పట్టినది గదా” అని కాల్చినచో మూతి పూర్తిగా విచ్చుకొన చోటులేక లోపలి ఒత్తిడి హద్దుమీరును. తాతల నాటి తుపాకి ఉన్నవారు గొట్టముమీది గుర్తులు లైసెన్సున్న తుపాకుల వ్యాపారిచేత చదివించుకొని, అటుపిమ్మటనే తూటాలు కొనవలెను.

మందు రెండు విధములు. మూతి తుపాకికి వాడునది పొగవచ్చు నల్లమందు. నేటి తూటాలలోనిది పొగరాని నైట్రో మందు. తూటా విప్పి అందలి మందును మూతి తుపాకిలో పోయుట ఆత్మహత్యతో సమానము. ఆ గొట్టము అంత ఒత్తిడికి చేసినది కాదు.

తూటాలోని గుళ్లకు మరల నెంబర్లు కలవు. ఇచ్చటను అంకె పెరిగినకొలది గుళ్లు చిన్నవగును. ఔన్సుకు 4వ నెంబరు గుళ్లు సుమారు 170, 6వ నెంబరు 270 తూగును. ఎస్.జి. అను పెద్ద గుళ్లు ఔన్సుకు ఎనిమిదే. గొట్టము కొన కొంచెము ఇరుకు చేయుటను చోక్ అందురు. అది గుళ్లు చెదరిపోకుండ కూర్చును. నిండు చోక్ గల గొట్టమునుండి 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో నూటికి 70 గుళ్లు పడును. చోక్ లేనిచో 40 మాత్రమే పడును.

అయితే గురి 40 గజములకే అనుకొని, అంతకుమించి గుండు పోదనుకొనరాదు. 6వ నెంబరు గుండు 200 గజములు, ఎస్.జి. గుండు 600 గజములు పోగలదు. మన మెట్టపొలములలో ఆ దూరములోపల ఎన్ని మంచెలుండునో, వానిమీద ఎవరెవరు నిద్రించుచుందురో మీకే తెలియును. చీకటిలో ఆకు కదలినదని కాల్చుట ఎన్నటికిని తగదు. సేఫ్టీ యను మీట వేసితిమను ధైర్యమును పనికిరాదు. అది ట్రిగ్గరును మాత్రమే ఆపును. తుపాకి క్రిందపడినపుడు లోపలి సుత్తి జారకుండ ఆపునని నమ్మరాదు. మంచె ఎక్కునపుడు, గట్టు దాటునపుడు తూటా తీసివేయవలెను.

ట్రిగ్గరు నొక్కినను పేలనిచో దానిని మిస్‌ఫైరు అందురు. కొంత తడవు ఆగి పేలునది హ్యాంగ్‌ఫైరు. ఈ రెండింటిలో ఏది జరిగినదో ఆ క్షణమున ఎవరికిని తెలియదు. కావున మూతిని మనుష్యులు లేని వైపున ఉంచి, తూటా తుపాకిని అర నిమిషమైనను, మూతి తుపాకిని అంతకు రెట్టింపైనను తెరువక ఆగవలెను. మూతి తుపాకి గొట్టములోనికి తొంగిచూచుట మన పల్లెలలో పరిపాటి. అది వెంటనే మానవలెను.

లైసెన్సునకు 2019 సవరణతో గడువు 5 సంవత్సరములైనది. ఆ సవరణయే పెండ్లిలో, ఊరేగింపులో సంతోషమునకు కాల్చి ఇతరులకు ప్రమాదము తెచ్చుటకు 2 సంవత్సరములవరకు జైలు, లేక లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధించినది.

పైరు రక్షణ అను మాట లైసెన్సులో నున్నంతమాత్రమున పందిని చంపు హక్కు వచ్చినట్లు కాదు. 1972 వన్యప్రాణి చట్టమునకు 2022లో జరిగిన సవరణ ప్రకారము అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాతమూలముగా అనుమతించిననే దానిని కాల్చవచ్చును. నెమలి, ఏనుగు మొదటి షెడ్యూలులోనివి. 2007లోను, 2018లోను ఒడిశానుండి మన జిల్లాలకు ఏనుగులు దిగినపుడు ప్రజలు పడిన బాధ తెలిసినదే. అయినను చెరకుతోటలో ఏనుగు కనబడినపుడు గుళ్ల తుపాకితో బెదరించుట చట్టవిరుద్ధము మాత్రమేగాక నిరర్థకము. గాయపడిన ఏనుగు వెనుకకు పోదు, కాల్చినవానివైపే వచ్చును. అట్టివేళ తుపాకిని ఇంటనే ఉంచి, అటవీశాఖవారికి కబురుపెట్టి, మంచె దిగి దూరముగా పోవలెను.