కప్పు మీద పడ్డ వాన ఎటు పోవాలి?

పట్టిసీమలో గోదావరి గట్టు మీద నిలబడితే నది మధ్యలో చిన్న కొండ, దాని మీద వీరభద్రస్వామి గుడి కనిపిస్తాయి. వేసవిలో ఆ కొండ చుట్టూ ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి. శ్రావణమాసం వచ్చేసరికి అదే చోట ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతుంటాయి. ఇంత పెద్ద నదిని పక్కన పెట్టుకున్న ఊళ్లో కొత్త ఇల్లు మొదలుపెట్టినవారికి "మీ కప్పు మీద పడే వాననీళ్లకు ఒక తొట్టి కట్టించండి" అని చెబితే నవ్వుతారు. "గోదారి పక్కనుండగా వాననీళ్లెందుకు మాస్టారూ?" అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుచేత ముందు లెక్క వేసి చూద్దాం.

వానను మిల్లీమీటర్లలో కొలుస్తారని మీకు తెలుసు. ఒక మిల్లీమీటరు వాన అంటే, పడ్డ నీళ్లు ఇంకకుండా, పారిపోకుండా, ఆవిరి కాకుండా నిలిచిపోతే ఒక మిల్లీమీటరు లోతున నిలుస్తాయని అర్థం. ఒక చదరపు మీటరు చోటు తీసుకోండి. పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 100 సెంటీమీటర్లు, నీటి లోతు 0.1 సెంటీమీటరు. మూడూ గుణిస్తే 1,000 ఘన సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఒక లీటరు. ఇది గుర్తుంచుకుంటే చాలు, వాన లెక్కలన్నీ నోటితోనే చెయ్యవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన, ఒక లీటరు.

మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న డాబా అనుకోండి. వైశాల్యం 100 చదరపు మీటర్లు. మేస్త్రీల భాషలో సుమారు 1,076 చదరపు అడుగులు. దాని మీద ఏడాదిలో పడే నీళ్లు 100 × 1,000 = 1,00,000 లీటర్లు. ఎండకు మాడిన శ్లాబు పీల్చుకునేది, ఆవిరయ్యేది, మొదట్లో పారబోయవలసినది తీసేసినా 80 వేల లీటర్లు చేతికి వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు. ఇల్లు పెంకుటిల్లయితే ఏ వైశాల్యం కొలవాలి? చాలామంది విద్యార్థులు వాలుగా ఉన్న పెంకుల మీద టేపు పెట్టి కొలుస్తారు. అది తప్పు. వాన పైనుంచి కిందికి పడుతుంది కాబట్టి ఆ కప్పు నేల మీద ఎంత నీడ పరుస్తుందో అంత వైశాల్యమే లెక్కలోకి వస్తుంది. వాలు ఎక్కువైనంత మాత్రాన నీళ్లు ఎక్కువ రావు. కొలవవలసింది నిట్టనిలువు సూర్యుడి కింద పడే నీడ, అంటే చూరు నుంచి చూరు వరకు నేల మీద ఉన్న దూరం.

ఇప్పుడు గోదావరితో పోల్చి చూడండి. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులున్నాయి. ఒక్కొక్కటి సెకనుకు సుమారు 10 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 10 వేల లీటర్లు ఎత్తగలదు. మన ఇంటి మీద ఏడాదంతా పడి చేతికొచ్చే 80 వేల లీటర్లు ఒక్క పంపుకు 8 సెకన్ల పని! నవ్వినవారి పక్షానే లెక్క వచ్చిందని మీరనవచ్చు.

కాని ఆ లెక్కలో ఒక సంగతి దాగి ఉంది. తొట్టి కట్టినా, కట్టకపోయినా ఆ లక్ష లీటర్లు మన ఇంటి మీద పడక మానవు. పడ్డాక ఎటో ఒకటు పోకా మానవు. మనం దారి చూపించకపోతే నీరే దారి వెతుక్కుంటుంది. చూరు నుంచి ధారగా పడి గోడ అడుగున గుంట చేస్తుంది. శ్లాబు మీద నిలిచి ఇనుప చువ్వల దాకా దిగుతుంది. చువ్వ తుప్పు పడితే లావెక్కుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టి పెచ్చులు రాలుస్తుంది. డెల్టాలోని నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి నాలుగు మూలల్లో ఒక్క మూలకే కప్పు నీళ్లన్నీ పోస్తే అక్కడి పునాది ఒకలా, మిగతా మూడు మూలలు ఇంకోలా కదులుతాయి. గోడ మీద ఏటవాలుగా పగుళ్లు పడ్డ ఇళ్లు చూస్తే ఆ మూలన వాన గొట్టం ఎక్కడ దిగిందో ఒకసారి చూడండి. ఇక చూరునీళ్లు పొరుగింటివారి స్థలంలో పడి వచ్చే తగాదాలు మీకు తెలియనివి కావు.

పాతకాలం వారు ఈ దారి గురించి ఆలోచించిన తరువాతే దూలాలు ఎత్తేవారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. నాలుగు పక్కలా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే చోటు. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన పడితే నీళ్లు ఆ మధ్యలో ఉన్న పల్లపు గచ్చు మీద పడి, తూము గుండా వీధిలోకో దొడ్లోకో పోతాయి. కావలసినప్పుడు చూరు కింద గంగాళాలు, బిందెలు పెట్టి పట్టుకునేవారు. వాననీళ్లతో కందిపప్పు తొందరగా ఉడుకుతుందని ఇంట్లో పెద్దవాళ్లనడం మీరు వినే ఉంటారు. అది నిజమే. బావినీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు పప్పును గట్టిపరుస్తాయి. వాననీళ్లలో అవి దాదాపు ఉండవు. విచిత్రమేమిటంటే రెండువేల ఏళ్ల కిందట రోమనులు కూడా అచ్చం ఇలాగే కట్టుకున్నారు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన పాంపే నగరంలోని ఇళ్లకు మండువా వంటి చావడి, దాని మధ్య వాననీటి పల్లం, దాని అడుగున నీళ్లు నిలవచేసే తొట్టి ఉన్నాయి. మన మండువాకు ఆ అడుగు తొట్టి ఒక్కటే తక్కువ.

డాబాలు వచ్చాక ఈ ఆలోచన ప్లంబరు మీదకు నెట్టేశాం. అతను వచ్చేది ఎప్పుడు? శ్లాబు పోసి, పిట్టగోడ లేచి, సున్నాలు వేసే ముందు. అప్పటికి వాటం మార్చడానికి వీలుండదు. శ్లాబు పైన వేసే పూతకు ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాటం ఉండాలి. 10 మీటర్ల డాబాకు ఒక చివరకూ రెండో చివరకూ 10 సెంటీమీటర్ల తేడా అన్నమాట. కంటికి ఆనదు. మేస్త్రీలు సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ రెండు చోట్ల పట్టుకుని చూస్తారే, అదే దీనికి మంచి సాధనం. గొట్టం ఎంత మెలికలు తిరిగినా రెండు చివరల్లో నీటిమట్టం ఒకటే ఎత్తులో ఉంటుంది. ఏడో తరగతి పిల్లవాడు కూడా ఒక చివర పట్టుకుని మేస్త్రీకి సాయపడవచ్చు.

గొట్టాలెన్ని కావాలి? చాలా ఇళ్లకు రెండంగుళాల గొట్టాలు రెండు పెట్టి ఊరుకుంటారు. తుఫాను వానలో గంటకు 100 మిల్లీమీటర్లు పడవచ్చు. మన డాబా మీద అది గంటకు 10 వేల లీటర్లు, సెకనుకు దాదాపు మూడు లీటర్లు. ఆ జోరు వానలో నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీళ్లను దించగలదని ఇంజనీర్లు లెక్క కట్టారు. మన 100 చదరపు మీటర్లకు మూడు కావాలి. రెండంగుళాల గొట్టమయితే 7 చదరపు మీటర్లకు కూడా చాలదు. వ్యాసం రెట్టింపయితే అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే గదా, సామర్థ్యం ఆరు రెట్లు ఎలా పెరిగింది? సన్నగొట్టంలో నీళ్లకు గోడల రాపిడి ఎక్కువ. పైగా గొట్టం నోటి దగ్గర నీరు దిగేటప్పుడు గాలి కూడా పైకీ కిందికీ పోవాలి. నోరు చిన్నదయితే రెండూ పెనుగులాడుకుంటాయి. నాలుగు వేపాకులు అడ్డుపడితే ఇక చెప్పనక్కరలేదు. నోటి మీద జల్లెడ మూత తప్పనిసరి.

ఇక తొట్టి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 7 లీటర్లనుకుంటే 35 లీటర్లు. డిసెంబరు నుంచి మే దాకా వానలు తక్కువగా ఉండే 180 రోజులకు 6,300 లీటర్లు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల లోతున్న తొట్టి పడుతుంది, 6,400 లీటర్లు. మన కప్పు నుంచి వచ్చే 80 వేల లీటర్లతో అది ఏడాదికి పన్నెండుసార్లు నిండుతుంది. ఇక్కడే అందరూ పొరబడతారు. తొట్టి కట్టాం గదా, వాననీళ్ల సంగతి అయిపోయిందనుకుంటారు. నిజానికి తొట్టిలోకి వచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం పొర్లిపోయేదే. కాబట్టి నీళ్లు వచ్చే గొట్టం ఎంత లావో, పొర్లిపోయే గొట్టం కూడా అంత లావుండాలి. అది ఇంటికి దూరంగా మురుగు కాలువకో, చెరువుకో, దొడ్లోని కొబ్బరిచెట్ల పాదులకో చేరాలి.

తొట్టి నేలలోనా, నేల పైనా? పట్నాల్లో చోటు కలిసొస్తుందని నేలలో కడతారు. గోదావరి ఒడ్డున అది మంచిది కాదని నా అభిప్రాయం. కారణం ఆర్కిమెడిస్ సూత్రం. నదికి వరద వస్తే ఒడ్డున ఉన్న ఊళ్లలో నేల కింది నీటిమట్టం కూడా పైకి లేస్తుంది. మన తొట్టి బయటి కొలతలు 2.4 × 2.4 × 1.9 మీటర్లనుకోండి. దాని చుట్టూ నీళ్లు పైదాకా వస్తే అది సుమారు 11 ఘనపు మీటర్ల నీటిని తొలగిస్తుంది. అంటే 11 టన్నుల బరువుతో సమానమైన బలం కిందినుంచి పైకి నెడుతుంది. 20 సెంటీమీటర్ల మందం గోడలతో కాంక్రీటు తొట్టి బరువు కూడా ఇంచుమించు 11 టన్నులే. గోడలు పలుచనయి, తొట్టి ఖాళీగా ఉంటే పడవలా లేస్తుంది, గొట్టాలన్నీ విరుగుతాయి. పైగా 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారాయి; అటువంటి వరద నీళ్లు ఊళ్లోకి వస్తే నేలలోని తొట్టిలో మంచినీళ్లన్నీ మురుగవుతాయి. కాస్త ఎత్తయిన అరుగు మీద విడిగా పునాది వేసి కట్టిన తొట్టే ఇక్కడ నయం. అయితే 1.6 మీటర్ల లోతు నీళ్లు ఒక్కొక్క గోడను రెండున్నర టన్నుల బలంతో బయటికి తోస్తాయి. నాలుగంగుళాల ఇటుక గోడ దానికి ఆగదు. దొడ్లో పశువులకు కట్టే గాబులా గుండ్రంగా, ఇనుప వల అల్లి సిమెంటు పూసి కడితే తక్కువ సామానుతో ఎక్కువ బలం వస్తుంది.

ఎత్తు కూడా ముందే చూసుకోవాలి. అరుగు 60 సెంటీమీటర్లు, తొట్టి 1.6 మీటర్లు, మొత్తం 2.2 మీటర్లు. శ్లాబు 3 మీటర్ల ఎత్తున ఉంటే గొట్టానికి 80 సెంటీమీటర్ల పల్లం దొరుకుతుంది. ఈ లెక్క పునాది రోజునే చెయ్యకపోతే తరువాత నీళ్లు ఎదురెక్కవు.

ఎండాకాలమంతా కప్పు మీద దుమ్ము, పక్షుల రెట్టలు, ఎండుటాకులు పేరుకుంటాయి. మొదటి రెండు మిల్లీమీటర్ల వాన వాటిని కడిగేస్తుంది. 100 చదరపు మీటర్లకు అది 200 లీటర్లు, అంటే నూనె డ్రమ్ము ఒకటి. తొట్టికి పోయే గొట్టానికి ముందుగా ఒక పాయ కిందికి తీసి, మూత బిగించిన డ్రమ్ములో కలపాలి. మురికినీళ్లతో డ్రమ్ము నిండాక మంచినీళ్లు తమంతట తామే తొట్టివైపు పోతాయి. వాన వెలిశాక డ్రమ్ము అడుగున ఉన్న కుళాయి విప్పి ఖాళీ చెయ్యాలి. అది మరచిపోతే మరుసటి వానకు మురికి తొట్టిలోకే! ఆ పని ఇంట్లో పిల్లలు తీసుకుంటే బాగుంటుంది. తరువాత కంకర, ఇసుక, బొగ్గు పొరల గుండా వడపోసినా, ఆ నీటిని కాచే తాగాలి. వడపోతకు మట్టి ఆగుతుంది గాని సూక్ష్మజీవులన్నీ ఆగవు. ఆస్‌బెస్టాస్ రేకుల మీద పడ్డ నీళ్లు తాగడానికి పట్టకండి.

తొట్టికి వెలుతురు సోకని మూత, ప్రతి రంధ్రానికీ దోమల వల ఉండాలి. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ మురుగులో కంటే నిలవ ఉన్న తేటనీళ్లలోనే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వల లేని వాననీటి తొట్టి కంటే అసలు తొట్టి లేకపోవడమే మేలు. మూతకు తాళం కూడా వేయించండి. లోపలికి దిగే పని పెద్దవాళ్లది, అదీ మూత తీసి గాలి ఆడాక.

ఇంతకీ గోదావరి పక్కన ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు రెండో జవాబు కూడా ఉంది. వరద రోజుల్లో బిందెలో ముంచిన గోదావరి నీళ్లు ఎంతసేపు పెట్టినా తేరుకోవు. అందులోని సన్నని బంకమట్టి రేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం. సరిగ్గా ఆ రోజుల్లోనే కప్పు మీదికి తేటనీళ్లు దిగుతుంటాయి. అంతర్వేది, నరసాపురం వైపు తీర గ్రామాల్లో నేల కింది నీళ్లు చాలాచోట్ల ఉప్పు కాబట్టి అక్కడి వారికి ఈ తొట్టి మరీ అవసరం. చింతలపూడి వైపు మెట్ట ఊళ్లలో బోర్లే ఆధారం. అక్కడ పొర్లే నీళ్లను ఇంకుడు గుంతలోకి పంపితే మంచిది. మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కూడా ఇళ్లకు వాననీటి ఏర్పాట్లు ఉండాలంటుంది. నదులే లేని బెర్ముడా దీవుల్లోనైతే కప్పుకు తెల్లపూత వేసి, ఇంటి కింద వాననీటి తొట్టి కట్టందే కొత్త ఇంటికి అనుమతి ఇవ్వరు.

వచ్చే వానకు ఈ ప్రయోగం చేసి చూడండి. నిలువు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, వాన వెలిశాక నీటి లోతు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. మీ ఇంటి కప్పు నేల మీద పరిచే వైశాల్యం కొలిచి, రెండూ గుణించండి. ఆ తరువాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, అన్ని లీటర్లూ ఏ మూలన, ఎవరి గోడ పక్కన పడ్డాయో పటం గీయండి. రెండు గ్లాసుల్లో ఒకదానిలో వాననీళ్లు, ఒకదానిలో బోరునీళ్లు సమంగా పోసి, ఒక్కొక్కదానిలో సబ్బునీళ్లు చుక్కచుక్కగా వేస్తూ గిలకొట్టండి. నురుగు నిలవడానికి ఏ గ్లాసుకు ఎన్ని చుక్కలు పట్టాయి?